పదమూడు మంది సుబ్బరావమ్మలు

మిర్చి కోల్డ్ స్టోరేజీ వెబ్‌సైటుకి సాజిదా ఎంతో శ్రద్ధగా లాగిన్ రాసింది. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్లో రైతు తన పాస్‌వర్డ్ కొడితే, సర్వరు అతని పేరున కుకీ అనే చీటీ ఒకటి అందులో దాచిపెడుతుంది. చీటీ ఉన్నంతకాలం మళ్ళీ ఎవరు నువ్వని అడగదు. పనయ్యాక 'వెళ్తున్నాను' అనే బటన్ నొక్కితే చీటీ పోతుంది. నొక్కకపోతే నెల్లాళ్ళు ఉంటుంది.

ఎవరు నొక్కుతారు? ఈ ప్రాంతంలో పగవాడి గుమ్మం దిగేటప్పుడు కూడా వెళ్ళొస్తాననే అంటారు. పంటంతా లోపల పెట్టుకుని వెళ్తున్నానని ఏ రైతూ అనడు. నరసరావుపేటలో పుట్టి పెరిగిన పిల్లకి ఆ మాత్రం తట్టలేదు. చదువుకుంది మరి.

సోమవారం పొద్దున్నే సుబ్బరావమ్మ వచ్చి, తన ముప్పై తొమ్మిది బస్తాలూ తెర మీద చూసుకుని, బటన్ ముట్టుకోకుండా వెళ్ళింది. తర్వాత పిచ్చయ్య వచ్చాడు. 'నమస్కారం సుబ్బరావమ్మ గారూ' అంది కంప్యూటరు. మూడు బస్తాలు కావాలని నొక్కాడు. గేటు దగ్గర బస్తాలిచ్చే గౌస్ బాషాకి తెర మీద ఏముంటే అదే నిజం.

"సుబ్బరావమ్మ గారివి మూడు" అని కేకేశాడు.

వచ్చిన బస్తాలు తనవి కావని పిచ్చయ్యకి తెలుసు. తనవి సగం తాలు కాయలు, ఇవి ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. అందుకని నోరెత్తలేదు. గురువారానికి ఇంకో పన్నెండు మంది నోరెత్తలేదు.

ఆ సాయంత్రం అమ్ముకుందామని సుబ్బరావమ్మ వస్తే సరుకు సున్నా.

"మీరే తీసుకెళ్ళారు కదండీ, పదమూడు సార్లు" అన్నాడు గౌస్ బాషా. "ఎక్కువ సార్లు మీసాలతో వచ్చారు."

ఒంటిచేత్తో పండించిన ఏడాది పంట. ఆవిడ మొహం చూసి సాజిదాకి ఏడుపొచ్చింది. తప్పు తనదే. చీటీ చెరిపేయబోతుంటే సుబ్బరావమ్మ చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళ సరుకు లోపలే ఉందామ్మా?"

"ఉందండి."

"అది తీసుకోవాలంటే ముందు నేను ఇందులోంచి బయటికెళ్ళాలి. అంతేగా?"

"అంతేనండి."

"నేనెళ్ళను."

కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. మర్నాడు క్యారేజీతో సహా వచ్చి కూర్చుంది. ఆ రోజు మిర్చి రేటు లేచింది. పదమూడు మందీ పరిగెత్తుకొచ్చారు.

"అక్కా, కాస్త లేవవే" అన్నాడు పిచ్చయ్య. "నా బస్తాలు తీసుకోవాలి."

"నీ బస్తాలేంటి? నువ్వూ సుబ్బరావమ్మవేగా. మన సరుకు అయిపోయింది, ఇంటికి పద."

పిచ్చయ్య ట్రాక్టరు కోసం పరిగెత్తాడు. మధ్యాహ్నానికి ఆవిడ బస్తాలు వేసుకుని ట్రాక్టర్లు వచ్చాయి. ముప్పై తొమ్మిదో బస్తా కూడా లోపలికెళ్ళాక సాజిదా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"ఇక నొక్కండమ్మా."

సుబ్బరావమ్మ వేలు బటన్ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పంట లోపలుంది. వెళ్తున్నానని ఎలా అనను తల్లీ?"

వెనక పదమూడు మంది సుబ్బరావమ్మలు వరసలో నిలబడి ఉన్నారు. సాజిదా తన ల్యాప్‌టాప్ తెరిచి, బటన్ మీద 'వెళ్ళొస్తాను' అని రాయడం మొదలుపెట్టింది.