పెట్టెలోని పెండ్లి

వర్షాపగమమున నిర్మలమైన గగనతలమునందు ధవళమేఘశకలములు దూదిపింజలవలె తేలియాడుచుండగా గోదావరీశీకరములను మోసికొనివచ్చు చల్లగాలి రాజమహేంద్రవరపు మిద్దెలపై ఆరవేసిన చీరలను తెరచాపలవలె నుబ్బించుచుండగా దేవీనవరాత్రములకు ముందటి యా శరత్సాయంకాలము పసుపువన్నె వెలుతురుతో పట్టణమునంతటిని కొలువుదీరిన బొమ్మలబారువలె మెరయజేయుచుండెను.

ఆ వెలుతురే పినాకపాణి యింట గోడవార నున్న కొయ్యపెట్టెపై వ్రాలెను. అందు ఆతని భార్య హైమవతి ఏటేట కొలువు తీర్చిన బొమ్మలు కలవు. ఆమె గతించిన పిమ్మట నా పెట్టె తెరవబడలేదు. బాల్యమున దూరదర్శనమున చూచిన యొక కార్టూను చిత్రమే యిందులకు హేతువని చెప్పినచో వినువారు నవ్వుదురు. ఆ చిత్రమున డోలువాడు మొదలగు కొయ్యబొమ్మలన్నియు పండుగ ముగియగానే పెట్టెలో వేయబడును, మూత పడును, తెర చీకటియగును. ఆ చీకటికి బెదరి బాలుడగు పినాకపాణి వీథిలోనికి పరుగెత్తిపోయెను. లోపల బొమ్మలు విలపించుచుండునని యాతడు నమ్మెను. పెరిగి పెద్దవాడైనను కొలువు ముగిసి హైమవతి బొమ్మలను సర్దు వేళకు ఏదో నెపమున వీథికి పోవుచునేయుండెను. ఇక భార్యావియోగదుఃఖితుడైన పిమ్మట నా మూతపై చేయి వేయుటకే జంకుచుండెను. కొలువు పెట్టుదమని కూతురు వాగ్దేవి వేడినప్పుడెల్ల "వచ్చే యేడు చూద్దాంలే తల్లీ" అని తప్పించుకొనుచుండెను.

ఆ సాయంకాలము వాగ్దేవి సెల్‌ఫోనును బల్లపై నిలిపి తండ్రిని పిలిచెను.

"నాన్నా, నువ్వు పారిపోయిన సినిమా దొరికింది! రా, చూద్దాం."

"పారిపోయానని నీకెవరు చెప్పారే?"

"ఇంకెవరు, అమ్మే! సగంలో లేచిపోయినవాడికి కథేం తెలుస్తుందని నవ్వేదిగా. ఈసారి నా చెయ్యి పట్టుకుని కూచో. ఎలా పారిపోతావో చూస్తాను."

వెలిసిన రంగులతో కీచుమను పాటతో చిత్రము సాగెను. మూత పడెను. తెర చీకటియయ్యెను. పినాకపాణి కూతురి చేతిని గట్టిగా పట్టుకొనెను. అంతలో నా చీకటినడుమ దీపకన్యకయగు నొక బొమ్మ చేతిలో చిన్నదీపము వెలిగెను. బొమ్మలన్నియు ఒడలు దులుపుకొని లేచెను. డోలువాడు డోలు మ్రోగింప, ఏనుగు తొండముతో అక్షతలు చల్ల, బొజ్జపురోహితుడు మంత్రము మరచి తలగోకికొన, రాజునకును రాణికిని మహావైభవముగా పెండ్లి జరిగెను!

"ఓసి, వీళ్ళు ఏడవడం లేదే!" అని పినాకపాణి కన్నుల నీరు తిరుగునట్లు నవ్వెను.

"ఇన్నేళ్ళూ వాళ్ళ పెళ్ళి ఎగ్గొట్టావు నాన్నా! భోజనాలు కూడా అయిపోయాయి."

వాగ్దేవి పెట్టెకడకు పరుగెత్తగా "ఉండమ్మా, పెళ్ళివారిల్లు. తలుపు కొట్టి వెళ్ళాలి" అని యాతడు మూతపై మెల్లగా తట్టి తానే తెరచెను. కర్పూరపరిమళము గుప్పుమనెను. లోపల హైమవతి పసుపుపట్టుచీర ముక్కపై రాజును రాణియు ప్రక్కప్రక్కన కూర్చుండియుండిరి. డోలువాడు వారి చెంత నుండెను. చుట్టును తక్కిన బొమ్మలన్నియు పెండ్లికి వచ్చిన బంధువులవలె వధూవరుల వైపే మొగము త్రిప్పియుండెను.

"అమ్మ సినిమా చివరిదాకా చూసింది నాన్నా!" అని వాగ్దేవి చప్పట్లు చరచెను.

పినాకపాణి డోలువానిని చేతిలోనికి తీసికొని వానిపై ధూళిని తన ఉత్తరీయముతో తుడిచెను. ఆ యేడు కొలువు కనులపండువుగా సాగెను.

పండుగ ముగిసిన దినమున నాతడు వీథికి పోలేదు. వధూవరులను పసుపుపట్టుపై స్వహస్తముతో కూర్చుండబెట్టి బంధువులను చుట్టును చేర్చి డోలువాని చేతి కఱ్ఱను సరిచేసి మూతను మెల్లగా దింపెను. పిమ్మట క్షణకాలము దానిపై చెవియొగ్గి చిరునవ్వుతో లేచెను.