కొత్తిమీర కట్ట వెనక డబ్బా

కోడలు తన కొడుక్కి వశం చేసుకునే మందేదో పెట్టిందని జోగమ్మ తేల్చేసుకుంది.

ఊరికే అనుమానించే మనిషి కాదట ఆవిడ. ఎర్రగా కారం కనబడకపోతే కంచం తోసేసే కొడుకు పైడిబాబు, పెళ్లయిన ఎనిమిది నెలలకే కోడలు వండిన చప్పటి మజ్జిగపులుసు జుర్రుకుని "బాగుందమ్మా" అంటున్నాడు. కోడలు సౌజన్య టాటానగర్ రైల్వేవాళ్ల పిల్ల. నీళ్ల సీసా లేనిదే గడప దాటదు. నాలుగు మాటలు మాట్లాడితే నాలుక అంగిటికి అంటుకుపోయినట్టు ఆగిపోతుంది. అబద్ధాలాడేవాళ్లకే అలా నోరెండుతుందని జోగమ్మ నమ్మకం. పైగా ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్ట వెనక ఓ డబ్బా, దాన్నిండా వేలి కణుపంత ప్లాస్టిక్ గొట్టాలు, వాటిలో రంగూ వాసనా లేని నీళ్లు. అత్త వంటింట్లోకి రాగానే కోడలి గుప్పిట మూసుకుంటుంది. ఇంకేం కావాలి?

ఓ మధ్యాహ్నం సౌజన్య స్నానానికి వెళ్లగానే జోగమ్మ ఆ డబ్బాని కొంగులో చుట్టుకుని, బారిడీహ్‌లోని ఇంటి నుంచి సువర్ణరేఖ నది దాకా వడగాలిలో నడిచింది. పారే నీళ్లలో కలిపేస్తే పెట్టిన మందు విరిగిపోతుందని చిన్నప్పుడు విన్నది. గొట్టాలన్నీ విరిచి, పిండి మరీ వదిలింది. కొడుకు మళ్లీ తన చేతికొచ్చినట్టే అనిపించి ప్రాణం తేలికపడింది.

సాయంత్రం సౌజన్య ఫ్రిజ్ అంతా గాలించింది.

"ఏటెతుకుతన్నావు?"

"కుఛ్ నహీ అత్తా."

డబ్బా ఏదని అడగలేదు. అడగకపోవడమే జోగమ్మకు పెద్ద సాక్ష్యమైంది.

మూడోరోజు పొద్దున్న సౌజన్య కుడికన్ను చింతనిప్పులా ఉంది. రెప్ప తెరుచుకోవడం లేదు. పైడిబాబు డ్యూటీలో ఉన్నాడు, మిల్లులో ఫోనెత్తడు. జోగమ్మే ఆటో ఎక్కించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. దారి పొడుగునా సౌజన్య వెక్కివెక్కి ఏడ్చింది. కంట్లోంచి మాత్రం ఒక్క చుక్క రాలలేదు. నాటకాలు, అనుకుంది జోగమ్మ.

"డ్రాప్స్ ఎవరు మానెయ్యమన్నారు?" అని, సౌజన్యను అడిగి సంగతి తెలుసుకున్న డాక్టరు కసిరాడు. నల్లగుడ్డు గీసుకుపోయిందని, ఇంకా ఆలస్యం చేస్తే చూపుకే ముప్పని చెప్పాడు. తెల్లమొహం వేసిన జోగమ్మకు హిందీలో నిదానంగా విడమరిచాడు. ఒంటిని కాపాడాల్సిన కావలివాళ్లే సొంత ఇంటివాళ్లను దొంగలనుకుని కొడుతున్నారు. అందుకే కన్నీరూ ఉమ్మీ ఊరడం లేదు. ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు. చుక్కలు మానకుండా, గుక్కగుక్కగా నీళ్లు తాగుతూ, కారం తగ్గించి, ఎండలో కళ్లద్దాలు పెట్టుకుని, పళ్లు చూపించుకుంటూ ఉంటే అందరిలాగే బతకొచ్చు.

"డబ్బా ఎక్కడో పడిపోయింది సార్," అంది సౌజన్య.

బయట బెంచీ మీద కూర్చున్నాక జోగమ్మ అడిగింది. "మావోడికి తెలుసా?"

"నేదత్తా. పెళ్లికి ముందే ఉంది. సెప్పొద్దంది అమ్మ. చుక్కలూ తనే తెచ్చిత్తాది."

"మరి డబ్బా పోతే నన్నడగలేదేటి?"

"నువ్వు పట్టుకెల్లడం బాత్రూం కిటికీలోంచి చూసేను. అడిగితే రోగం సంగతి సెప్పాల. సెప్తే పుట్టింటికి పంపేత్తారనుకున్నాను."

దాచిపెట్టి పెళ్లి చేసినందుకు జోగమ్మకు కోపమొచ్చింది. కానీ ఆ కంటి వైపు చూశాక కోపం నిలవలేదు, సిగ్గు ముంచుకొచ్చింది. ఈ పిల్ల కన్నైనా పోగొట్టుకోవడానికి సిద్ధపడింది కానీ, తనను నమ్మి ఒక్క మాట చెప్పలేకపోయింది.

ఇంటికొచ్చాక జోగమ్మ దారిలో కొన్న చుక్కల మందు గొట్టం ఒకటి చేతిలోకి తీసుకుంది. "రామ్మా, నానేత్తాను."

సౌజన్య ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది. "ఓపాలి ఇలాగియ్యత్తా."

గొట్టాన్ని బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని పేరు చదివింది, తారీఖు చదివింది. ఎవరైనా ముందే తెరిచారేమోనని మూతని గోటితో తడిమింది. అంతసేపూ జోగమ్మ చెయ్యి చాపుకునే నిలబడింది.

"బాగా చూసుకో," అంది.