పటాలం మామయ్య నీళ్ళ డ్రమ్ము

బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే అల్లుడికి పొద్దుటి నుంచీ ముచ్చెమటలు పోస్తున్నాయి. ఎండకి కాదు. మైదానం పక్కన బల్ల మీద మామయ్య ఫోటో పెట్టారు. ఆ ఫోటోలో మామయ్య నవ్వుతున్నాడు. ఆ నవ్వు సంగతి అల్లుడికి బాగా తెలుసు. ఎవరికో శుభ్రంగా టోపీ పెట్టి వచ్చిన రోజు నవ్వే నవ్వది.

మామయ్య పద్దెనిమిదేళ్ళు పటాలంలో చేసి వచ్చినవాడు. అందరికీ పటాలం సారు. యుద్ధం కబుర్లు చెప్పమంటే, "బురదలో లారీలు లాగాం" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు. ఆ లాగుడే చివరికి విద్యగా మిగిలింది. నూలు మిల్లులో వాచ్‌మన్‌గా చేరి, అక్కడి తాడు పందెం జట్టుకి పన్నెండేళ్ళు కోచ్‌గా ఉన్నాడు. ఆ పన్నెండేళ్ళూ డిపో జట్టు ఏటేటా బోర్లా పడుతూనే వచ్చింది. మైదానంలో అంత గర్జించే మనిషి ఇంట్లో కూతురికి జడలు వేసేవాడు, భార్య బట్టలకి ఊడిన బొత్తాలు కుట్టేవాడు. సాయంత్రం ఆరు దాటాక బయట ఉన్న పాపాన పోలేదు.

అలాంటివాడి కూతురు పోయి పోయి డిపో జట్టులో చివరి మనిషిని ప్రేమించింది. చివరి మనిషంటే తాడు కొస నడుముకి చుట్టుకుని జట్టు మొత్తానికీ మేకులా నిలబడేవాడు. పిల్ల అతన్ని ఇంటికి తీసుకొచ్చిన రోజున మామయ్య జీతమెంతని అడగలేదు, బరువెంతని అడిగాడు.

పెళ్ళయ్యాక రెండు పందేలు జరిగాయి. రెండూ డిపో ఓడింది. రెండుసార్లూ కూతురు తండ్రితో మాట్లాడటం మానేసింది. రెండోసారి ఆరో రోజుకల్లా మామయ్యకి అన్నం సహించక, అల్లుడిని పెరట్లోకి పిలిచాడు. అక్కడ గోడకి ఓ గిలక, గిలక మీదుగా తాడు, తాడు చివర మూత బిగించిన నీళ్ళ డ్రమ్ము.

"లాగు," అన్నాడు.

అల్లుడు లాగాడు.

"అది నడుమా, నానిన అట్టముక్కా? అల్లుడివి కాబట్టి మర్యాదగా అడుగుతున్నా. మంగళవారం, శుక్రవారం మీ అత్తయ్య బజారుకెళ్తుంది. అప్పుడు రా. ఆవిడకి తెలిసిందో, ఇద్దర్నీ కలిపి చీపురుతో ఊడ్చేస్తుంది. ఒట్టెయ్యి."

ఒట్టేశాడు. ఏడాదంతా అదే డ్రమ్ము. ఏడాదంతా అది మొదటి రోజు ఎంత బరువుందో అంతే బరువుంది. తను ఎందుకూ కొరగాడని అల్లుడికి ఖాయమైపోయింది. దానికి తోడు మిల్లు క్లబ్బులో మామయ్య, "డిపో వాళ్ళా? ఒంటికాలి కొంగలు!" అని నలుగురి ముందూ వెక్కిరించేవాడు. అల్లుడు తేలు కుట్టిన దొంగలా నోరు మెదిపేవాడు కాదు.

చివర్లో మామయ్య మిల్లు జట్టు గుట్టు కూడా విప్పేశాడు. పందెం మధ్యలో ఎనిమిదిమందీ అలిసిపోయినట్టు ఒక్కసారి ఊపిరి వదిలి, లాగడం మానేసి, ఉన్నచోట బిగదీసుకుని ఆగిపోవాలి. వీళ్ళ పని అయిపోయిందనుకుని అవతలివాళ్ళు పట్టు సర్దుకుంటారు. అదే అదను, లాగెయ్యాలి. అల్లుడు దాన్ని తన బుర్రలోనే పుట్టిన ఉపాయమని చెప్పి డిపో వాళ్ళకి నేర్పాడు. పందెం ఇంకో నెలుందనగా మామయ్య మధ్యాహ్నం కునుకు తీస్తూ కునుకులోనే పోయాడు.

ఇప్పుడది ఆయన స్మారక పందెం. మిల్లు క్లబ్బు ప్రెసిడెంటు మైకు అందుకున్నాడు. "మన సారు ఈ జట్టు గుట్టుని ఏనాడూ మిల్లు గేటు దాటనివ్వలేదు! నమ్మకానికి మారుపేరు ఆయన!"

ముందు వరసలో అత్తయ్య తల వంచుకుని కూర్చుంది. అల్లుడు ఆవిడ వైపు చూసి లెక్క వేసుకున్నాడు. ఆ ఉపాయం వాడాడా, ఆవిడ కళ్ళ ముందే, ఇంతమంది మధ్య, పోయిన మనిషి పరువు మట్టిలో కలుస్తుంది. వాడలేదా, ఓడిపోవాలి. కావాలని ఓడిపోయేవాడిని మామయ్య మనిషి కింద జమకట్టేవాడు కాదు.

ఓడిపోదామనే నిశ్చయించుకున్నాడు.

"ఇవాళ ఆ ఉపాయం వద్దు," అన్నాడు జట్టుతో.

"ఇన్నాళ్ళూ మా నడుములు విరగ్గొట్టి ఇప్పుడు వద్దంటావేంట్రా!" అని కస్సుమన్నాడు ముందు నిలబడ్డ డ్రైవరు.

మూడు లాగుళ్ళలో రెండు గెలవాలి. మొదటి లాగుడులో మిల్లు వాళ్ళు పావు నిమిషంలో వీళ్ళని ఈడ్చి పారేశారు. అత్తయ్య మంచినీళ్ళ సీసా పట్టుకుని తిన్నగా అల్లుడి దగ్గరికి వచ్చింది.

"ఏం బాబూ, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందత్తయ్యా."

"మరి ఆ నీరసం ఏంటి? నా రెక్కలు పడిపోయేలా ఏడాదంతా నీళ్ళు పోశాను."

"ఏం నీళ్ళు?"

"డ్రమ్ములో నీళ్ళు! బజారుకెళ్ళే ముందు ప్రతిసారీ ఓ మగ్గు ఎక్కువ పొయ్యమన్నారు మీ మామయ్య. నీకు తెలిస్తే జావగారిపోతావట. నాతో ఒట్టు కూడా వేయించుకున్నారు."

అల్లుడు నోరు తెరిచి, మూయడం మర్చిపోయాడు. తర్వాత సీసా అందుకుని, "ఇప్పుడు గట్టిగా లాగితే ఆయన పేరు పోతుందత్తయ్యా," అన్నాడు.

"పోతే పోనీ. ఆయన పేరు ఆయన చూసుకుంటారు. నా అల్లుడు చేతగానివాడంటే మాత్రం నేను పడను. వెళ్ళి లాగు."

ఉపాయం వాడదామని అల్లుడు జట్టుకి చెప్పాడు. రెండో లాగుడు మొదలైంది. నిమిషం గడిచాక మిల్లు వాళ్ళు ఎనిమిదిమందీ ఊపిరి వదిలి ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే డిపో వాళ్ళు ఎనిమిదిమందీ ఊపిరి వదిలి ఆగిపోయారు. ఇటువాళ్ళు అటువాళ్ళ పట్టు సడలుతుందని, అటువాళ్ళు ఇటువాళ్ళ పట్టు సడలుతుందని ఎదురుచూపులు. తాడు వెంట్రుకవాసి కదల్లేదు. ఇది సారుకి మౌనం పాటించడమనుకున్నాడు ప్రెసిడెంటు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. అది చూసి జనమంతా లేచి నిలబడి తలలు వంచారు.

ఒక్క మిల్లు కెప్టెను మాత్రం తల ఎత్తి, తాడు పొడవునా చూసి, చివర ఉన్న అల్లుడి ముఖం మీద చూపు నిలిపాడు. అర్థమైపోయింది. ఆ అర్థమవడంలోనే అతని వేళ్ళు కాస్త సడలాయి. అల్లుడు ఎడం కాలు అడ్డంగా తిప్పి, మడమ నేలలో దిగ్గొట్టి, వెనక్కి వాలాడు. మిల్లు జట్టు పన్నెండేళ్ళలో మొదటిసారి బోర్లా పడింది.

కెప్టెను లేచి, మట్టయినా దులుపుకోకుండా వచ్చాడు.

"ఎవరు నేర్పార్రా నీకు?"

"మా మామయ్య."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. కెప్టెను ఫోటో వైపు చూశాడు. "దొంగ ముసలాడు!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ఎడం కాలు తిప్పావే, అదెక్కడిది?"

"అదీ ఆయన చెప్పిందే. మీకు తెలీదా?"

"పన్నెండేళ్ళు ఆయన దగ్గర పడున్నాం," అన్నాడు కెప్టెను. "మాకు చెప్పలేదు."

మూడో లాగుడుకి విజిల్ వేశారు. అల్లుడు తాడు నడుముకి చుట్టుకోబోయి, చుట్టుకోలేక, అంతమంది చూస్తుండగా భోరుమని ఏడ్చాడు.