ముక్కు మేస్త్రి బరమా

ముక్కుకు వాసన తెలియకుండా పోయిన రోజు ఆయన పొయ్యి పక్కనే కూర్చుని ఉన్నాడు. పాలు పొంగి, గిన్నె అడుగంటి, పొగ కళ్ళకు తగిలాక గానీ తల ఎత్తలేదు. బట్టలు ఆరేస్తున్న భార్య పరుగున వచ్చి గిన్నె దించింది.

“వీధి చివరిదాకా కొడుతోంది మాడు కంపు! ఊళ్ళో మట్టంతా వాసన చూసే మనిషివి, పక్కనున్న పాలు తెలియలేదా?”

“పరాకులో ఉన్నాలేవే.”

ఆమె అటు వెళ్ళగానే సబ్బు ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత కిరసనాయిలు డబ్బా మూత తీశాడు. రెండింటికీ ఏ వాసనా లేదు. కొన్నాళ్ళుగా పలచబడుతున్నది ఈ ఉదయం పూర్తిగా ఆరిపోయింది. నేలను తొలిచే బరమా భుజాన వేసుకుని పనికి బయల్దేరాడు.

మూతపడ్డ ఫ్యాక్టరీల నేలలో బరమా దింపి, లోతు మట్టి పైకి తీయడం ఆయన పని. ఇప్పుడు తవ్వుతున్నది రంగుల ఫ్యాక్టరీ స్థలం. గోడ అవతల బడి ఉంది. పిల్లలకు ఆటస్థలం కావాలని ఏళ్ళ తరబడి అడగ్గా, ముందు నేలలో విషం సంగతి తేల్చమని ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది. తీసిన మట్టంతా ల్యాబుకు పంపడానికి ఆ డబ్బు చాలదు. అందుకని ఒక పద్ధతి అలవాటైంది. ప్రతి గుంతలోంచీ పిడికెడు మట్టి తీసి ఆయన వాసన చూస్తాడు. విషం వాసన తగిలి తల ఊపితే అది ల్యాబుకెళ్ళే సీసాలోకి, లేకపోతే తిరిగి గుంతలోకి. అలాంటి మట్టిని ముక్కు దగ్గర పెట్టకూడదని రూలు. ఆ కాసేపూ పని చూసే ఇంజనీరమ్మ తనకేమీ కనబడనట్టు మ్యాపులోకి చూస్తుంది. ఆయనకు ముక్కు మేస్త్రి అనే పేరు అలా వచ్చిందే.

“ఇవాళ గోడ వార మిగిలింది బాబాయ్. అది అయితే మనకు ఈ దుమ్ము వదిలినట్టే,” అంది ఇంజనీరమ్మ.

బరమా అడ్డపిడి పట్టుకుని తిప్పాడు. కాయలు కాచిన అరచేతులకు ఆ పిడి తెలుసు. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారి ఏనాడో స్థిరపడిపోయింది. ఇటుక పొడి తర్వాత బూడిద రంగు బంకమట్టి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చల్లదనం తగిలింది, అంతే. తల అడ్డంగా ఊపాడు. తర్వాతి గుంతలకూ అదే చేశాడు.

“నీ ముక్కు ఇంత మంచి మాట ఎప్పుడూ చెప్పలేదు బాబాయ్. బడి వాళ్ళ పంట పండింది.”

ఆయన బరమాకు అంటిన మట్టి దులిపాడు. ముక్కు సంగతి తెలిసి పని పోతే మళ్ళీ ఎవరు పిలుస్తారన్న ఆలోచన ఒక్కటే తల నిండా ఉంది.

మధ్యాహ్నం గోడ దాటి ఒక బంతి వచ్చి, తవ్విపోసిన మట్టిలో దొర్లి ఆగింది.

“తాతా, బంతి! ముక్కు తాతా!” గోడ అవతల గొంతులు కలగాపులగంగా అరిచాయి.

బంతిని తన చొక్కాకు తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. అవతల కేకలు ఎక్కువైనా తుడుస్తూనే ఉన్నాడు. చివరికి విసిరేసి ఇంజనీరమ్మ దగ్గరికి నడిచాడు.

“ఆ గుంతలు మళ్ళీ తీద్దాం అమ్మా. నాకు వాసన తెలియడం లేదు.”

“జలుబు చేసిందా?”

“జలుబు కాదమ్మా. ఇవాళ పూర్తిగా పోయింది. తగ్గడం మొదలై చాన్నాళ్ళయింది.”

“అంటే, మొన్నటివి కూడా...”

“అవి కూడా.”

ఆమె మ్యాపు మడిచింది.

“నిన్నేమంటాను బాబాయ్? నీ ముక్కును నమ్మి సంతకాలు పెట్టింది నేను. అన్నీ తీద్దాం, అన్నీ పంపుదాం. చాలకపోతే మళ్ళీ గ్రాంటు అడుగుతాను.”

“మళ్ళీ అంటే ఎన్నేళ్ళమ్మా?”

ఆమె సీసాలు తేవడానికి జీపు వైపు వెళ్ళింది.

ఆయన గోడ వార మొదటి గుంతలో బరమా మళ్ళీ దింపాడు. లోతుకు పోయేకొద్దీ పిడి బిగుసుకుంది. ఊపిరి తీసుకుందామని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సీసాలతో తిరిగి వచ్చిన ఇంజనీరమ్మ, కునుకు పట్టిందనుకుని “బాబాయ్” అని మెల్లగా పిలిచింది. తర్వాత గట్టిగా పిలిచి భుజం తడితే ఆయన పక్కకు ఒరిగిపోయాడు, ఊపిరి లేదు. గోడ అవతల బడి వదిలే ఇంటి గంట కొట్టారు.

భార్య వచ్చి చెప్పులు, అన్నం గిన్నె తీసుకెళ్ళింది. నేలలో బిగుసుకున్న బరమా ఎవరు లాగినా రాలేదు. రెండో గ్రాంటుకు ఇంజనీరమ్మ రాసింది, జవాబు రాలేదు. ఆయన చేతులకు అరిగి నున్నబడ్డ అడ్డపిడి గోడ వార నేల పైకి పొడుచుకుని ఉంది. దాని కింది మట్టిని ఇంకా ఎవరూ పరీక్షకు పంపలేదు.