గోడ అవతలి రేగుచెట్టు

అరబ్బు దేశంలో, అల్ రయ్యాన్‌లోని ఆ విల్లా వాకిట్లో ముసలి రేగుచెట్టు ఒకటి ఉంది. అబ్బ, ఎంత చెట్టని! నడి ఎండాకాలంలో దాని కింద నిలబడితే ప్రాణం లేచివచ్చేది. కానీ అక్కడ అద్దెకుంటున్న రఫీయుద్దీన్‌కు దాన్ని చూస్తేనే ఒళ్లు మంట. పళ్లు రాలి కారు జిడ్డవుతోంది, వేళ్లు ప్రహరీని చీల్చాయి. పైగా ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి ఆకులు కోసుకుపోతున్నారు. నీడ ఇచ్చేదాని మీదే మనిషికి కోపం రావడం ఏం చిత్రమో!

"గోడ ఎలాగూ కొత్తది కట్టాలి," అన్నాడు ఇంటి యజమాని అబూ నాసర్, తనకొచ్చిన హిందీలో. "చెట్టు తీసేస్తే మీ కార్లకు షెడ్డు వేయిస్తాను. ఉంచమంటే ఉంచుతాను. ఉండేది మీరు. శుక్రవారం వస్తాను, చెప్పండి."

పక్క పోర్షన్‌లోని కాకినాడ సాలమన్ ఎగిరి గంతేశాడు. "కొట్టించేద్దామండీ! నా కారు దాకా నీడ రాక డ్యూటీకెళ్లేటప్పుడు సీటు కాలిపోతోంది."

"కొట్టుడు ఒక్క పూట పని. గింత చెట్టును మళ్ల పెంచుడు మనతోని అయితదా?" అంది రఫీయుద్దీన్ భార్య గౌహర్. ఆమె మాట ఎవరు విన్నారు గనక! రఫీయుద్దీన్ ఆనాడే గేటుకు తాళం వేశాడు.

గురువారం సాయంత్రం ఒకతను గేటు తట్టాడు.

"ఆకులు మాఫీ, లేవు! యల్లా, నడువ్!" అని కసిరాడు రఫీయుద్దీన్.

"జర ఇను భయ్యా. నా పేరు గయాజ్, మాది జగిత్యాల. మా లేబర్ క్యాంప్‌ల లియాఖత్ అలీ గుండె ఆగి పోయిండు. గుసుల్‌కు ఆకులు కావాలె. ఈడ చెట్టున్నదని మస్జిద్‌ల చెప్పిన్రు."

చనిపోయినవారికి చివరి స్నానం చేయించే నీళ్లలో రేగాకులు వేయడం ముస్లింల ఆచారం. రఫీయుద్దీన్‌కు అది తెలియనిది కాదు. వెంటనే తాళం తీసి, తానే కొమ్మ వంచాడు. గయాజ్ నాలుగు రెబ్బలు తుంచి ఆగిపోయాడు.

"ఇంకిన్ని తీస్కో తమ్మీ."

"చాలు భయ్యా. రేపు ఇంకెవలకన్న కావాలె గద."

అతను వెళ్లిపోయాక రఫీయుద్దీన్ చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"మా అబ్బాజాన్ పోయిననాడు గీ ఆకులే ఎవలో తెచ్చిన్రు, గౌహర్. ఎవలింట్లయో నేను అడుగనే లేదు. ఆ ఇంటాయన గూడ నా లెక్క తాళమేసుంటే?" అంటూ సిగ్గుతో ఏడ్చాడు.

మర్నాడు అబూ నాసర్ రాగానే ఎదురెళ్లి చెప్పాడు. "చెట్టు కొట్టొద్దు. గోడనే లోపలికి జరిపి కట్టండి. చెట్టు వీధివైపు ఉండనీయండి. మాకు షెడ్డు వద్దు."

సాలమన్ తల గోక్కున్నాడు. గౌహర్ జరిగింది చెప్పగానే మెత్తబడి, "సర్లెండి, సీటు మీద తువ్వాలేసుకుంటా," అన్నాడు. అబూ నాసర్ తన జాగా ఎంత పోతుందని కూడా చూడలేదు. మాషా అల్లాహ్ అంటూ రఫీయుద్దీన్‌ను కౌగిలించుకున్నాడు. అలాంటి మనుషులకు చేతులెత్తి మొక్కాలి!

ఇప్పుడు గోడ అక్కడ వంకర తిరిగి ఉంటుంది. డెలివరీ కుర్రాళ్లు బైకులాపి ఆ నీడలో కునుకు తీస్తారు. గోడ వంకరేమిటని ఎవరైనా అడిగితే గౌహర్ చెప్పే జవాబు ఒక్కటే:

"జాగా మనదే కావొచ్చు. గింత పెద్ద చెట్టు మాత్రం గేటు బయట నిలబడ్డోళ్లది గూడ."