సొంత మాటలకు పది గళ్లు

ఆమెను ఆ వీధిలో అందరూ వసపిట్ట అనేవారు. మెట్ల దగ్గర ఎదురింటావిడతో మొదలెట్టిన మాట మూడో అంతస్తు చేరినా తెగేది కాదు. కుట్టుమిషన్ తొక్కుతూ మాట్లాడేది, నోట్లో సూది పెట్టుకునీ మాట్లాడేది. అలాంటి మనిషికి గొంతులోనే పుండు లేచింది. దేవుడికి ఇంకెక్కడా చోటు దొరకలేదు కాబోలు!

"స్వరపేటిక తీసెయ్యాలి. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు. పన్నెండు రోజులు టైముంది" అన్నాడు డాక్టరు. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పాడు: ఈ పన్నెండు రోజులూ రోజుకు అరగంటకు మించి మాట్లాడకూడదు, మాట్లాడితే వాపొచ్చి ఉన్న గొంతు కూడా పోతుంది.

ఆమె మొగుడు బోల్టుల ఫ్యాక్టరీలో చెకింగు మాస్టారు. ఒక్కో బోల్టునూ వేళ్లతో తడిమి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర ట్రేలోకి విసిరేసేవాడు. ఇరవై ఏళ్లలో అతని చేతుల మీదుగా ఒక్క వంకర బోల్టూ బయటికి పోలేదట. పోతే పోయేది, కొంప మునిగేదా? కానీ అతనికి అదే గొప్ప.

ఆసుపత్రిలో గొంతుల గది అని ఒకటుంది. అందులో పనిచేసే అమ్మాయి వీళ్లకు చిన్న మిషన్ ఒకటీ, కాగితాల కట్ట ఒకటీ ఇచ్చింది.

"ఇందులో మూడొందల లైన్లున్నాయండీ. అన్నీ చదివి రికార్డు చేస్తే చాలు. ఆపరేషన్ అయ్యాక ఆంటీ ఏం టైపు చేసినా మిషన్ ఆంటీ గొంతుతోనే పలుకుతుంది."

కాగితాల నిండా ఇంగ్లీషే. మామూలు ఇంగ్లీషా అంటే అదీ కాదు. ఒక్కో అక్షరం కోసం ఏరికోరి పెట్టిన బారెడేసి మాటలు. క్యూ ఉన్నవి ఒక పేజీ, జెడ్ ఉన్నవి ఒక పేజీ, ఎక్స్ కుక్కికుక్కి రాసిన వాక్యాలు ఇంకో పేజీ.

"మన భాషలో లేదామ్మా?" అంది ఆమె.

"మిషన్‌కి ఇంగ్లీషొక్కటే వచ్చండీ. మన మాట ఆ అక్షరాల్లో కొడితే ఏదో పలుకుతుంది కానీ బాగుండదు. అందుకే చివర్లో పది గళ్లున్నాయి చూడండి, సొంత మాటలకి. వాటిలో ఏం చెప్పినా ఉన్నదున్నట్టు దాస్తుంది. ఎప్పుడు నింపినా పర్లేదు."

ఇంటికొచ్చి పడగ్గది కిటికీలు మూసి, తలుపుకు దుప్పటి కట్టి, మాస్టారు ఆమెను మిషన్ ముందు కూర్చోబెట్టాడు. ఆమె చదివింది ఎనిమిది. అందుకని ప్రతి ఇంగ్లీషు మాట కిందా తెలుగులో రాసిపెట్టాడు. తొమ్మిదేళ్ల కూతురు మంచమెక్కి కూర్చుంది.

"ముందు ఆ పది గళ్లూ నింపేద్దామండీ. నా మాటలు నాకు నోటికొచ్చు, చిటికెలో అయిపోతాయి."

"వరసంటే వరసే. మూడొందలూ కానీ, తర్వాత నీ పదీ తీరిగ్గా చెప్పుకుందువుగాని."

ఆమె మూతి ముడిచి కాగితం అందుకుంది. "ఎక్స్‌ట్రా... ఎక్స్‌ట్రార్డి... ఛీ, దీని జిమ్మడ! ఇది మాటా, గూడ్సుబండా?" అని పకపకా నవ్వింది. కూతురు మంచం మీద పడి దొర్లింది. మాస్టారు నవ్వలేదు, అది చెరిపేసి, "మళ్లీ" అన్నాడు.

"ఇన్‌కాంప్రహెన్సిబిలిటీ అంటే ఏంటండీ?"

అతను డిక్షనరీ తిరగేశాడు. "అర్థం కాకపోవడం."

"దానికింత పొడుగెందుకు? మొహం వెర్రిగా పెడితే చాలదూ?"

అదీ రికార్డయింది. అదీ చెరిపేశాడు.

రోజులు గడిచాయి. ఇంట్లో మాట బందయింది. బడినుంచి కూతురు "అమ్మా, ఇవాళేమైందో తెలుసా" అంటూ పరుగెత్తుకొచ్చేది. తల్లి నోరు తెరిచేలోగా అతను వేలు అడ్డం పెట్టేవాడు. "వద్దు. సాయంత్రానికి దాచు." తల్లి పలక తీసి రాసేది. రెండు ముక్కలు చదివేసరికి పిల్ల ఉత్సాహం చల్లారిపోయేది. అంతకుముందు వాకిట్లో చెప్పులు విప్పుతుండగానే "ఓసేయ్ బుడంకాయ్!" అని లోపల్నుంచి కేక వచ్చేది. ఆ కేక ఇప్పుడు లేదు.

సాయంత్రం అరగంటా ఇంగ్లీషుకే. మిషన్ పచ్చదీపం వెలిగించి సరేనన్నా మాస్టారు ఒప్పుకునేవాడు కాదు. చివర్లో ఊపిరి వినబడిందనేవాడు, జెడ్ సరిగ్గా తెగలేదనేవాడు. "జీవితాంతం వాడేది కదే, పదికాలాలు ఉండాలి కదా" అని బతిమాలేవాడు. ప్రేమే, కాదనను. కానీ చేతిలో ఎర్ర ట్రే పట్టుకున్న ప్రేమ అది. ఒక్కో లైను తొమ్మిదిసార్లు, పదిసార్లు. అరగంట కాస్తా గంటయింది. ఆమె గొంతు జీరపోయింది. ఆమె పలక మీద "ఇక నావి" అని రాస్తే, "ఇంకా ముప్ఫయ్యే" అన్నాడు. మర్నాడు "ఇంకా పన్నెండే" అన్నాడు.

పదకొండోరోజు సాయంత్రం ఆఖరి లైను పద్నాలుగోసారికి అతనికి నచ్చింది. "హమ్మయ్య! రేపు పొద్దున్నే నీ పదీ" అన్నాడు.

పొద్దున్నే ఆమె తల దువ్వుకుని, కొత్తచీర కట్టుకుని కూర్చుంది. పది మాటలూ కాగితం మీద రాసి పెట్టుకుంది. అందులో మొదటిది కూతురి పిలుపు. నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ తెరిచింది, మళ్లీ గాలే. వేడినీళ్లు తాగించాడు, ఆవిరి పట్టాడు, ఆసుపత్రికి పరుగెత్తించాడు. "మొత్తం వాచిపోయింది. రేపు ఆపరేషన్. ఇక మాట్లాడించొద్దు" అన్నాడు డాక్టరు.

దారిలో ఆమె పలక తీసి రాసింది. "మొదటిరోజే అన్నాను." అంతే. అతను ఆ పలక చేతిలో పట్టుకుని నడిరోడ్డు మీద భోరున ఏడ్చాడు.

ఫోన్లో ఒక్క వీడియో అయినా లేదా అంటారేమో. ఉన్నాయి, పిల్ల డాన్సులు, పక్కన పాటల హోరు. పొద్దస్తమానం చెవిలో వాగే మనిషి గొంతు ఎవరు దాచుకుంటారండీ?

ఆపరేషన్ అయింది. నెలకు గాయం మానింది. గొంతుల గదికి తిరిగిచ్చిన మిషన్ ఆమె గొంతు ఎక్కించుకుని ఇంటికొచ్చింది. ఇన్‌కాంప్రహెన్సిబిలిటీ అని కొడితే ఆహా, గుక్క తిప్పుకోకుండా, అచ్చం ఆమె గొంతుతో పలికింది. మాస్టారు ఏరిన సరుకు కదా, వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత ఆమె ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ కూతురి పిలుపు కొట్టింది.

"ఓసీ బుడాన్కే" అంది మిషన్.

పిల్ల రెండు చెవులూ మూసుకుంది. "అమ్మ గొంతేసుకుని ఎవరో మాట్లాడుతున్నారు నాన్నా. ఆపెయ్ నాన్నా!"

మర్నాడే అతను గొంతుల గదికి పరుగెత్తాడు. చెరిపేసినవి ఏమైనా దొరుకుతాయేమోనని ఆ అమ్మాయి చేతులు పట్టుకున్నాడు. అమ్మాయి లెక్క తీసి చూసింది. "రెండువేల నాలుగొందల పన్నెండు చెరిపారండీ. ఇక అవి రావు. మొదటిసారి చదివినవి చాలావరకు మిషన్ ఒప్పుకుంది కదా, ఎందుకు చెరిపేశారు?"

పెళ్లాం నవ్వూ, తిట్టూ, వెటకారం, ఆమె అన్నదంతా వాటిలోనే ఉంది. మచ్చలని తీసేశాడు. తిరిగొచ్చాక మూడురోజులు ముద్ద మింగలేదు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం పిల్ల వరండాలో కూర్చుని తనను తానే పిలుచుకుంటోంది. ఓసారి సాగదీసి, ఓసారి కసిరినట్టు, ఓసారి ముద్దుగా.

"నాన్నా, అమ్మ ఇలాగే కదా పిలిచేది? నేను మర్చిపోతున్నాను. విను. ఓసేయ్ బుడంకాయ్! ఇలాగా? ఓసేయ్, బుడంకాయ్! ఇలాగా?"

"మళ్లీ అనమ్మా."

పిల్ల మళ్లీ అంది. అతను కళ్లు మూసుకుని విన్నాడు. మూడుసార్లు అనిపించుకున్నాడు. వెంట్రుకవాసి తేడా పట్టగలిగిన మనిషికి ఏది సరైనదో, ఏది కాదో తెలియలేదు.

"నాకూ తెలీడం లేదే తల్లీ" అన్నాడు.

గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. తల అడ్డంగా ఊపింది. అలా కాదు, ఏదీ కాదు.

పిల్ల లేచి వెళ్లి తల్లి నడుము పట్టుకుంది. "మరెలా అమ్మా? ఎలా అనేదానివి?"

ఆమె వంగి నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. పిల్ల ఆ పెదాలనే రెప్పవేయకుండా చూసి, మళ్లీ అని చూపించింది.

తల్లి తల అడ్డంగా ఊపింది.