పిచ్చుక చేతులు

నాకు యాభై ఏళ్లు దాటాక అక్షరాలు వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను, ఒక్క పేజీకి పూటంతా పడుతుంది. తప్పులుంటే మన్నించి, దిద్దుకుని చదవండి.

వినపడని పిల్లల బడిలో సైగలు నేర్పే టీచరుకి మూడో తరగతి పిచ్చుకంటే ఒళ్లుమంట. తొమ్మిదేళ్ల పిల్ల, బక్కపలచన. చేతులు క్షణం ఊరుకోవు, అందుకే ఆ పేరు. చెప్పేటప్పుడు చూడదు. చెప్పడం అయ్యాక "ఏంటి, ఏంటి?" అని పక్కపిల్లని పొడుస్తుంది. చెవులు వినని పిల్ల చేతుల వంక కూడా చూడకపోతే ఎలా? "నిర్లక్ష్యం" అని టీచరు రిజిస్టరులో మూడుసార్లు రాసింది. నాలుగోసారి రాయలేదు. కోపం పట్టలేక పిల్ల మణికట్లు రెండూ బల్లకేసి అదిమి పట్టుకుంది, నిమిషం పాటు. మాట్లాడే పిల్ల నోరు నొక్కడం ఎంతో, ఈ పిల్లల చేతులు నొక్కడం అంతే. ఆ సంగతి ఆ బళ్లో అందరికన్నా బాగా తెలిసింది ఆమెకే.

వారం తిరక్కుండా అసలు విషయం బయటపడింది. మొహం దగ్గర చేసిన సైగని పిచ్చుక టక్కున అందుకుంటోంది. నడుం పక్కన చేస్తే వెర్రిమొహం వేస్తోంది. అనుమానం వచ్చి టీచరు చెయ్యి మెల్లగా పక్కకి జరుపుకుంటూ పోయింది. జానెడు దాటగానే ఆ చెయ్యి పిల్లకి లేనట్టే. పిల్లని కళ్లడాక్టరుకి చూపించి, ఆయన రాసిచ్చిన కాగితం టీచరు ఆస్పత్రి మెట్ల మీదే చదివింది. చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. ఆపే మందు లేదు.

"ఇది చెవిటిపిల్లల బడమ్మా," అంది పెద్దమేడం. "కళ్లు కూడా పోయాక దానికి ఇక్కడెవరు చెప్తారు? మాట వినదని నువ్వే మూడుసార్లు రాశావుగా!"

పిచ్చుక తల్లి చొక్కాలు కుడుతుంది. మెడలో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. "ఆ గుడ్డిపిల్లల బడివాళ్లేమో చెవులు లేవంటారు, మీరేమో కళ్లు లేవంటారు. నడిమికి కత్తిరించి తలో ముక్కా ఇమ్మంటారా మేడం?"

"శుక్రవారం దాకా ఆగండి," అంది టీచరు. "చేతులతో తడిమి మాట తెలుసుకునే పద్ధతుంది. నేర్పిస్తాను, మీరే చూద్దురుగాని."

"నాలుగు రోజుల్లోనా?" అంది పెద్దమేడం.

"నాలుగు రోజుల్లోనే."

సోమవారం టీచరు చెయ్యి చాచగానే పిచ్చుక తన చేతులు చంకల్లో దోపుకుంది. మంగళవారం బిస్కెట్టు తీసుకుంది, చేతులివ్వలేదు. బుధవారం టీచరు బలవంతంగా వేళ్లు పట్టుకుంటే కొరికింది.

"ఇంట్లో నా చేతిలో చెయ్యి పెడితేగాని నిద్రపోదే! ఏం చేశావమ్మా దీన్ని?" అంది తల్లి.

టీచరు పంటిగాటు పడ్డ వేలు చున్నీలో దాచుకుంది. నిజం చెప్తే తన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పిల్ల బడి పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు. గురువారం నాడు పిల్ల బడికే రాలేదు.

శుక్రవారం పెద్దమేడం గదిలో పిచ్చుక తల్లి పక్కన చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. పెద్దమేడం గడియారం చూసింది. "ఊఁ, కానీ."

టీచరు చున్నీతో తన కళ్లకే గంత కట్టుకుంది. మోకాళ్ల మీద కూచుని అరచేతులు గాలిలో పరిచింది. పట్టుకోలేదు, అడగలేదు.  తర్వాత ఆ అరచేతుల కిందికి రెండు చిన్న చేతులొచ్చాయి. కదిలాయి. ముందు గబగబా, తర్వాత ఆగి ఆగి, ఆమెకి అందేలా.

"ఏమంటోంది?" అంది పెద్దమేడం. ఆవిడకి సైగలు అంతంతమాత్రం, తల్లికి ఇంటి సైగలే తెలుసు.

బడంటే ఇష్టమంటోంది అని చెప్పెయ్యచ్చు. కాదనేవాళ్లు ఆ గదిలో లేరు.

"నా చేతులు బల్లకేసి నొక్కింది, అంటోంది. అరుద్దామంటే చేతులు లేవు, అంటోంది."

"ఎవరు నొక్కింది?"

"నేనే మేడం."

తల్లి పిల్ల మణికట్ల వంక చూసింది. పెద్దమేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నీ మీద పైకి రాయక తప్పదు."

"రాయండి. పిల్ల సంగతి చెప్పండి."

"అది చెప్తే నువ్వు విన్నావు, సరే. నువ్వు చెప్తే అది వింటుందా? అది కదా నాకు కావల్సింది! వార్షిక పరీక్షల దాకా ఉంచుతాను. ఆ తర్వాత నా వల్ల కాదు." కళ్లజోడు పెట్టుకుని కాగితం ముందుకి లాక్కుంది.

టీచరు గంత విప్పింది. కిటికీ వెలుగు కళ్లలో పడి పిచ్చుకకి ఎవరి మొహమూ ఆనడం లేదు. అటూ ఇటూ తల తిప్పింది. "ఏం చెప్పింది?" అని సైగ చేసి, ఎవరూ చెప్పకుండానే తన రెండు చేతులూ టీచరు చేతుల మీద పెట్టింది.

ఇక్కడే ఉంటావులే అనాలని టీచరు ప్రాణం కొట్టుకుంది.

"పరీక్షల దాకా," అని చేతుల్లోనే మెల్లగా చెప్పింది.

"తర్వాత?"

"తెలీదు."

"నువ్వుంటావా?"

"తెలీదు."

పిచ్చుక చేతులు తియ్యలేదు. మళ్లీ చెప్పమంది. టీచరు మళ్లీ చెప్పింది. పెద్దమేడం తల వంచుకుని రాస్తూనే ఉంది.

ఇట్లు,
ఆయమ్మ (అందరూ అలాగే పిలుస్తారు), అరవై రెండేళ్లు. బడి గేటు పక్క గదిలో ఉంటాను.